మన గుట్ట దేనిలో మిగిలింది? తొమ్మిదో తరగతికి పర్వతాల పాఠం

గుట్టకింది బడి (సోమవారం, రాత్రి 8:40)

అందరికీ నమస్కారం. నేను యాదాద్రి భువనగిరి జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. పోయిన వారం తొమ్మిదో తరగతికి పర్వతాల పాఠం పూర్తి చేశాను. ముడుత పర్వతాలు, ఖండ పర్వతాలు, అగ్నిపర్వతాలు, అవశిష్ట పర్వతాలు అని నాలుగు రకాలూ, వాటి ఉదాహరణలూ పిల్లలు తడుముకోకుండా చెప్పారు. పాఠం బాగానే వచ్చిందనుకుని పుస్తకం మూయబోతుండగా వెనుక బల్ల నుంచి ఒక అమ్మాయి లేచి, "టీచర్, మరి మన గుట్ట ఏ రకం?" అని అడిగింది. మా తరగతి గది కిటికీలోంచి చూస్తే ఎదురుగా కనిపించేది ఆ గుట్టే. అవశిష్ట పర్వతమని చెప్పాను. ఆ అమ్మాయి అంతటితో కూర్చోలేదు. "అవశేషమంటే మిగిలినది కదా టీచర్, దేనిలో మిగిలింది?" అంది.

నేను జవాబు చెప్పలేకపోయాను. రేపు చెబుతానన్నాను కానీ ఆ రేపు వచ్చి మూడు రోజులైంది. పుస్తకంలో ఉన్నది ఒకటే వాక్యం: క్రమక్షయం వల్ల అరిగిపోగా మిగిలినవి అవశిష్ట పర్వతాలు. అరిగిపోయినది ఏమిటో, ఎంతో, ఎక్కడికి పోయిందో అందులో లేదు. హిమాలయాలు ఎలా పుట్టాయో రాయగలిగిన పిల్లలకు రోజూ కళ్ళెదుట ఉన్న గుట్ట ఎలా వచ్చిందో తెలియకపోతే ఆ పాఠం వచ్చినట్టు నేను అనుకోలేను. వచ్చే వారం నాలుగు పీరియడ్లు దొరుకుతాయి. ఈ పాఠాన్ని మళ్ళీ మొదటినుంచి చెప్పాలని ఉంది. భూగర్భశాస్త్రం తెలిసినవారూ, ఈ పాఠం చెప్పిన అనుభవం ఉన్నవారూ దయచేసి దారి చూపండి.

రాళ్ళ బాట (సోమవారం, రాత్రి 10:05)

టీచరు గారూ, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న భూగర్భశాస్త్రంలో మొట్టమొదట అడగవలసిన ప్రశ్న. నేను ముప్పై ఏళ్ళు క్షేత్రస్థాయిలో రాళ్ళ మధ్య పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీ ప్రాంతపు గుట్టలు నాకు బాగా తెలుసు.

మీ గుట్ట గ్రానైట్. హైదరాబాదు, భువనగిరి చుట్టుపక్కల కనిపించే గ్రానైట్ల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భువనగిరి కోట నిలిచిన ఆ ఏకశిల కూడా ఇదే జాతి రాయి. గ్రానైట్ నేల మీద పుట్టదు. భూమి లోపల కొన్ని కిలోమీటర్ల లోతున కరిగిన శిలాద్రవం, పైనున్న రాతి కప్పు కింద, లక్షల ఏళ్ళపాటు నెమ్మదిగా చల్లారితే గ్రానైట్ అవుతుంది. కనుక మీ గుట్ట మీద పిల్లవాడు నిలబడిన చోటు ఒకప్పుడు కిలోమీటర్ల లోతున ఉండేది. ఆ పైనున్న రాయంతా వానకూ, ఎండకూ, వాగులకూ అరిగి కొట్టుకుపోయింది. అలా పోగా, పగుళ్ళు తక్కువగా ఉన్న గట్టి భాగం చుట్టుపక్కల నేలకంటే నెమ్మదిగా అరగడం వల్ల ఎత్తుగా నిలిచింది. "దేనిలో మిగిలింది" అన్న ప్రశ్నకు జవాబు అదే: తన పైనా, తన చుట్టూ ఉండిన కిలోమీటర్ల మందపు రాతిలో మిగిలింది.

ఇది పిల్లలు నమ్మాలంటే చేతికి రాయి ఇవ్వాలి. కొత్తగా పగిలిన గ్రానైట్ ముక్కను ఎండలో తిప్పి చూపండి. గులాబీ రంగులోనో తెల్లగానో చదునైన ముఖాలతో తళుక్కుమనేది ఫెల్డ్‌స్పార్, గాజుపెంకులా బూడిదరంగులో కనిపించేది క్వార్ట్‌జ్ అంటే మన పలుగురాయి, నల్లటి చిన్న రేకులు అభ్రకం. ఒక్కో పలుకు శనగబద్దంత ఉంటుంది. అంత పెద్ద పలుకులు పెరగాలంటే చాలా కాలం వేడిలో ఉండాలి. దాని పక్కన వికారాబాదు వైపు నుంచి తెచ్చిన నల్లటి బసాల్ట్ ముక్క పెట్టండి. 6.6 కోట్ల ఏళ్ళ క్రితం దక్కను లావాగా నేల మీదికి పారి త్వరగా చల్లారిన రాయి అది. అందులో పలుకులు కంటికి కనిపించవు. ఏది లోతున చల్లారిందో, ఏది పైన చల్లారిందో మీరు చెప్పనవసరం లేకుండా పిల్లలే చెబుతారు.

ఇంకొకటి. గుట్ట మీద ఉల్లిపొరల్లా లేచిన రాతి పలకలు చూసే ఉంటారు. పైనున్న బరువు తొలగిపోయినప్పుడు లోతున నొక్కుకుని ఉన్న రాయి కొద్దిగా వ్యాకోచించి, ఉపరితలానికి సమాంతరంగా పొరలుగా విడిపోతుంది. పోయిన బరువుకు ఆ పొరలే సాక్ష్యం.

మార్కాపురం పలక (మంగళవారం, ఉదయం 6:15)

రాళ్ళ బాట గారి వివరణ చదివాక మా వైపు సంగతి కూడా చెప్పాలనిపించింది. మీది గ్రానైట్ సీమ అయితే మాది నల్లమల అంచు, అంటే నిజంగా ముడుతలు పడిన కొండల సీమ. ముడుత పర్వతాలంటే హిమాలయాలు, ఆల్ప్స్, ఆండీస్ అనే పిల్లలకు నేర్పుతాం కానీ, తెలుగు నేల మీదనే అంతకంటే ఎంతో పాత ముడుతలు ఉన్నాయన్న సంగతి చెప్పం. గండికోట దగ్గర పెన్నా లోయ గోడల్లో రాతి పొరలు దొంతర పెట్టినట్టు దాదాపు అడ్డంగా ఉంటాయి. అదే కడప శిలల కుటుంబానికి చెందిన పొరలు తూర్పున నల్లమల వైపు వచ్చేసరికి వాలి, వంగి, కొన్నిచోట్ల నిట్టనిలువుగా లేచి ఉంటాయి. ఒకే కుటుంబంలో కొన్ని పొరలు నొక్కుడు పడకుండా, కొన్ని నొక్కుడు పడి ఉండటాన్ని ఇంత దగ్గరలో చూపగల చోట్లు అరుదు.

మేము పిల్లప్పుడు అక్షరాలు దిద్దిన పలకలు మార్కాపురం గనుల నుంచే వచ్చేవి. ఆ పలకరాయి పుట్టుక ఏమిటంటే సముద్రం అడుగున పేరుకున్న బురద. బురద గట్టిపడి మెత్తని మట్టిరాయి అయింది, ఆ తరువాత నల్లమల ముడుతలు పడిన కాలంలో పక్కనుంచి వచ్చిన ఒత్తిడికి అందులోని సన్నని రేకులన్నీ ఒత్తిడికి అడ్డంగా ఒకే దిక్కుకు సర్దుకున్నాయి. అందుకే ఉలి పెట్టి తట్టితే పలుచని పలకలుగా విడుతుంది. కొన్ని పలకల మీద లేతరంగు చారలు ఏటవాలుగా దాటిపోతూ కనిపిస్తాయి. అవి పాత బురద పొరలు. పలక విడిన దిక్కు వేరు, బురద పేరుకున్న దిక్కు వేరు. ఆ రెండు దిక్కుల మధ్య కోణాన్ని కోణమానినితో కొలవమంటే పిల్లలు ఆ ఒక్క రాతిలోనే రెండు సంఘటనలు చదువుతారు. భూమి పైపొర ముక్కలను కూడా మనం పలకలనే పిలుస్తాం కనుక, ఈ పలకతో మొదలుపెట్టి ఆ పలకల దాకా వెళ్ళడం నాకు సులువుగా ఉంటుంది.

తరగతిలో చేయగలిగిన ప్రయోగం ఒకటి చెబుతాను. సుమారు రెండు వందల ఏళ్ళ క్రితం స్కాట్లండ్‌లో జేమ్స్ హాల్ అనే ఆయన గుడ్డల దొంతర మీద బరువుకోసం తలుపు పరచి, రెండు పక్కల నుంచి నెట్టి కొండల ముడుతలను చూపాడు. నేను నాలుగు రంగుల పాత పంచె ముక్కలను బల్ల మీద దొంతరగా పరిచి, రెండు చివర్లకు చెక్కలు ఆనించి, ఇద్దరు పిల్లలచేత మెల్లగా నెట్టిస్తాను. బరువు లేకపోతే దొంతర మధ్యలో ఒక్క పొంగుగా పైకి లేస్తుంది. తరువాత పైన చెక్క పెట్టి దాని మీద నాలుగు నిఘంటువులు పేర్చి మళ్ళీ నెట్టిస్తాను. ఈసారి చిన్నచిన్న ముడుతలు వరుసగా పడతాయి. రాయి ముడుతపడటానికి పక్కనుంచి నెట్టుడు ఒక్కటే చాలదని, పైనుంచి బరువు కూడా కావాలని, అంటే అది లోతున జరిగే పని అని అప్పుడు అర్థమవుతుంది.

లోలకం (మంగళవారం, సాయంత్రం 5:30)

నేను భౌతికశాస్త్రం బోధిస్తాను. పై ఇద్దరు చెప్పిన వాటితో ఏకీభవిస్తూనే ఒక జాగ్రత్త చెప్పాలి. గుడ్డ, బంకమట్టి, చపాతీ పిండి ఇవన్నీ ముడుతను చూపుతాయి కానీ, రాయి మెత్తనిదనీ, పర్వతం ఒక పూటలో లేచిందనీ పిల్లల మనసులో పడిపోతుంది. నేను ఎనిమిదో తరగతిలో బంకమట్టితో చూపిన తరువాత ఒక అబ్బాయి, "అప్పుడు రాయి తడిగా ఉండేదా మేడమ్?" అని అడిగాడు. తప్పు అతనిది కాదు, నా ప్రయోగానిది.

దీనికంటే పెద్ద పొరపాటు పలకల కింద ఏముందన్న దగ్గర జరుగుతోంది. భూమి అంతర్భాగం గీయమంటే భూపటలం కింద అంతా ఎర్రటి ద్రవం గీస్తారు. భూపటలం కింద ఉండే మందమైన పొర, అంటే ప్రావారం, ద్రవం కాదు. భూకంపాల ద్వితీయ తరంగాలు ద్రవంలో ప్రయాణించలేవు, అయినా ప్రావారం గుండా వెళుతున్నాయి. అది ఘనమైన రాయి. అయినా కోట్ల ఏళ్ళ కొలతలో చూస్తే పారుతుంది. ఘనపదార్థం పారడమేమిటి అన్న సందేహం తప్పక వస్తుంది. దానికి నేను వాడేది రోడ్డు పక్క పీపాలోంచి తెచ్చిన తారు ముద్ద. చలికాలపు ఉదయం సుత్తితో కొడితే అది గాజులా పెళ్ళలుగా పగులుతుంది. అదే ముద్దను ఎండ తగిలే గట్టు మీద వదిలేస్తే కొన్ని వారాల్లో ఎవరూ తాకకుండానే అట్టులా పరుచుకుంటుంది. పగిలినదీ అదే, పారినదీ అదే, తేడా వేడిలోనూ, ఇచ్చిన సమయంలోనూ ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 1927లో ఒక గరాటులో ఇలాంటి పదార్థం పోసి ఉంచారు. 2014 నాటికి అందులోంచి తొమ్మిది చుక్కలు రాలాయి. ఈ ఉదాహరణ చెప్పాక గుడ్డల ప్రయోగం చేస్తే నష్టం లేదు. ముందు గుడ్డలు చూపి తరువాత సవరించడం కష్టం.

ఖమ్మం ప్రధానోపాధ్యాయుడు (మంగళవారం, రాత్రి 9:00)

ఇవన్నీ బాగున్నాయి కానీ ఒక మాట అడుగుతాను, అన్యథా భావించవద్దు. పరీక్షలో వచ్చేది భేదాలు రాయండి, పటంలో గుర్తించండి అన్న ప్రశ్నలు. నాలుగు పీరియడ్లు ఒక్క గుట్టకు ఖర్చుపెడితే తరువాతి పాఠాల సంగతి ఏమిటి? మా బడిలో సిలబస్ పూర్తి చేయించే బాధ్యత నాది కనుక అడుగుతున్నాను. ఏదో ఒక పీరియడ్‌లో ఇమిడేలా చెప్పగలిగితే అందరికీ పనికివస్తుంది.

గుట్టకింది బడి (మంగళవారం, రాత్రి 9:35)

సార్, మీ ఆందోళన న్యాయమైనదే. నా లెక్క ఇది: శిలల రకాలు, శైథిల్యం, క్రమక్షయం, నదులు, నేలలు అన్నవి వేర్వేరు పాఠాలుగా ఎలాగూ చెప్పాలి. ఆ గుట్ట దగ్గర అవన్నీ ఒకేచోట దొరుకుతాయి. అందువల్ల ఈ నాలుగు పీరియడ్లలో కనీసం రెండు ముందు పాఠాల్లో తిరిగి వస్తాయనుకుంటున్నాను. నిజంగా తిరిగి వచ్చాయో లేదో వచ్చే వారం ఇక్కడే చెబుతాను.

శేషాచలం దారి (బుధవారం, ఉదయం 7:10)

తిరుపతి నుంచి రాస్తున్నాను. పర్వతానికి మన భాషలో అచలమని పేరు. కదలనిది అని అర్థం. శేషాచలం, వేంకటాచలం, సింహాచలం అని రోజూ పలికే పిల్లలకు ఇవి కదులుతాయని చెప్పాలి. అలాగే ఒకప్పుడు పర్వతాలకు రెక్కలుండేవని, ఇంద్రుడు వజ్రాయుధంతో వాటిని ఖండించాడని, మైనాకుడు ఒక్కడే సముద్రంలో దాగి తప్పించుకున్నాడని ఇంట్లో విని వచ్చిన పిల్లలు తరగతిలో ఆ కథ చెబుతారు. నేను దాన్ని కొట్టిపారేయను, శాస్త్రమని కూడా చెప్పను. కొండలు ఎప్పుడూ ఇలాగే ఉండేవా అన్న ప్రశ్న మన పెద్దలకూ కలిగిందని చెప్పి, దానికి వారు కథతో జవాబు చెప్పుకున్నారని, మనం రాయిని అడిగి తెలుసుకుందామని ముందుకు వెళతాను. ఇంతవరకు ఏ పిల్లవాడూ నొచ్చుకోలేదు.

రాయిని అడగడానికి మా ఊళ్ళో గొప్ప చోటు ఉంది. తిరుమల ఘాట్ రోడ్డులో ఒకచోట కింద గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్ కనిపిస్తాయి. రెండింటికీ మధ్య ఉన్నది ఒక గీత మాత్రమే. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. కింది రాయి లోతున పుట్టి, పైనున్నదంతా అరిగిపోయి, నేల మీదికి తేలి, ఆ అరిగిన నేల మీదికి నీరు వచ్చి ఇసుకను పేర్చి, ఆ ఇసుక గట్టిపడి పై రాయి అయింది. ఈ రెండు రాళ్ళ వయసుల మధ్య కనీసం యాభై కోట్ల ఏళ్ళ ఎడం ఉంది. బస్సు కిటికీలోంచి క్షణంలో దాటిపోయే ఆ గీత దగ్గర, పేజీలు చిరిగిపోయిన పుస్తకం ముందు నిలబడినట్టు ఉంటుంది.

మా పిల్లలకు ఆ గీత ఫొటో చూపి, బొటనవేలు కింది రాయి మీద, చూపుడువేలు పై రాయి మీద పెట్టమంటాను. రెండు వేళ్ళ మధ్య ఎంత కాలం ఉందో చెప్పాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడరు.

రాళ్ళ బాట (బుధవారం, రాత్రి 8:20)

ఇప్పుడు హిమాలయాల సంగతి. దగ్గరి గుట్టతో మొదలుపెట్టాలన్నానే కానీ అక్కడే ఆగమని నా ఉద్దేశం కాదు. ఒకటి అరిగిన కథ అయితే రెండోది ఇంకా లేస్తున్న కథ. రెండూ పక్కపక్కన పెడితేనే పాఠం పూర్తవుతుంది.

టెథిస్ సముద్రం నొక్కుకుపోయి హిమాలయాలు వచ్చాయని పిల్లలు రాస్తారు. సముద్రమెలా నొక్కుకుంటుంది, నీళ్ళు ఎక్కడికి పోయాయి అని అడిగితే చెప్పలేరు. భారత పలక ఉత్తరంగా వస్తున్నప్పుడు ముందున్న సముద్రపు అడుగు ఆసియా కిందికి దిగిపోయింది. అది అయిపోయాక, సుమారు 5 కోట్ల ఏళ్ళ క్రితం, భూఖండానికి భూఖండం తగిలింది. భూఖండపు రాయి తేలికైనది కనుక సులువుగా మునగదు. ముక్కలు ముక్కలుగా తెగి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కింది. సముద్రం అడుగు పొరలు కూడా ఆ దొంతరలో పైకి లేచాయి. ఎవరెస్టు శిఖరాగ్రాన ఉన్నది సుమారు 45 కోట్ల ఏళ్ళనాటి సున్నపురాయి, అందులో సముద్రజీవుల అవశేషాలు ఉన్నాయి. అంత దూరం వెళ్ళనవసరం లేదు, ఎవరింట్లోనైనా పూజలో శాలిగ్రామం ఉంటే, కాలీ గండకీ నదిలో దొరికే ఆ నల్లరాతిలోని చక్రం ఒకప్పటి సముద్రజీవి గుల్ల గుర్తు.

ఇక లెక్క చేయించండి. భారత పలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు కదులుతోంది, మన గోళ్ళు పెరిగేదానికంటే కాస్త ఎక్కువ. అదే వేగంతో 5 కోట్ల ఏళ్ళు అనుకుంటే 2,500 కిలోమీటర్లు వస్తుంది. తరువాత రెండో లెక్క: హిమాలయాలు ఏడాదికి 5 మిల్లీమీటర్లే లేచాయనుకున్నా ఇప్పటికి 250 కిలోమీటర్ల ఎత్తు ఉండాలి. ఎవరెస్టు ఎత్తు 8,848.86 మీటర్లు, అంటే తొమ్మిది కిలోమీటర్లు కూడా లేదు. మిగిలినది ఏమైంది? ఈ ప్రశ్న వేసి పిల్లలను తొందరపెట్టకండి.

జవాబులో పెద్ద భాగం మన తీరానికి ఎదురుగానే ఉంది. గంగా, బ్రహ్మపుత్రలు కోట్ల ఏళ్ళుగా మోసుకొచ్చిన ఇసుక, ఒండ్రు బంగాళాఖాతం అడుగున సుమారు 3,000 కిలోమీటర్ల పొడవున పరుచుకుని ఉంది. ఉత్తర భాగంలో దాని మందం 16 కిలోమీటర్లకు పైనే. పర్వతాల ఎత్తు కంటే వాటినుంచి రాలినదాని మందం ఎక్కువ. మీ గుట్ట పైనున్న రాయి కూడా ఎప్పుడో ఇలాగే ఏదో సముద్రానికి చేరింది.

లోలకం (గురువారం, సాయంత్రం 6:00)

పై లెక్కకు ఇంకో సగం జవాబు ఉంది, అది నా విషయం కనుక చెబుతాను. పర్వతాలకు వేళ్ళుంటాయి. 1855లో ప్రాట్ అనే ఆయన గుర్తించిన సంగతి ఇది: ఉత్తర భారతంలో కలియానా, కల్యాణ్‌పూర్ అనే రెండు చోట్ల మధ్య అక్షాంశాల తేడాను నేల కొలతతో లెక్కించినప్పుడూ, గుండుదారం ఆధారంగా నక్షత్రాలను చూసి లెక్కించినప్పుడూ 5.236 సెకన్ల తేడా వచ్చింది (ఇవి కోణపు సెకన్లు, ఒక డిగ్రీలో 3,600వ వంతు). హిమాలయాల ద్రవ్యరాశి గుండుదారాన్ని తనవైపు లాగడం వల్ల అనుకుంటే, ఆయన లెక్క ప్రకారం 15.885 సెకన్లు రావాలి. అంటే కొండలు లాగవలసినంత లాగడం లేదు. అదే ఏడు జార్జ్ ఎయిరీ దీనికి వివరణ ఇచ్చాడు: పైకి కనిపించే కొండ కింద తేలికైన రాతి భాగం లోతుగా దిగి ఉంటుంది, నీళ్ళలో తేలే దుంగలా. సాధారణంగా భూఖండాల కింద భూపటలం మందం 35 నుంచి 40 కిలోమీటర్లు ఉంటే, హిమాలయాలు, టిబెట్ కింద 70 కిలోమీటర్ల వరకు ఉంది.

బకెట్ నీళ్ళలో తక్కువ మందపు చెక్క దిమ్మె, ఎక్కువ మందపు చెక్క దిమ్మె పక్కపక్కన తేలనివ్వండి. మందంగా ఉన్నది పైకీ ఎక్కువే, లోపలికీ ఎక్కువే. తరువాత మూడు చెక్క ముక్కలను దొంతరగా రబ్బరు బ్యాండుతో కట్టి తేల్చి, పై ముక్క తీసేయండి. మిగిలిన రెండూ పైకి లేస్తాయి. భూమిలో కూడా అంతే, కొండ మీద ఒక కిలోమీటరు రాయి అరిగిపోతే కిందనుంచి సుమారు 800 మీటర్లు మళ్ళీ లేస్తుంది. లోతున పుట్టిన గ్రానైట్ నేల మీదికి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు ఈ బకెట్ దగ్గర జవాబు దొరుకుతుంది. వాన ఒక్కటే కిలోమీటర్ల రాతిని తవ్వలేదు, తవ్వినకొద్దీ కిందిది లేచి వచ్చింది.

సింహాచలం సంపెంగ (శుక్రవారం, ఉదయం 9:45)

లోలకం గారు చెప్పిన వేళ్ళ మాటకు మా తూర్పు కనుమలే నిదర్శనం. పుస్తకాల్లో వీటిని ఎత్తు తక్కువ, తెగిపోయిన కొండల వరుస అని రెండు ముక్కల్లో చెప్పి ముగిస్తారు, పిల్లలకు ఇవి హిమాలయాల ముందు చిన్నవిగా కనిపిస్తాయి. నిజానికి సింహాచలం, అరకు కొండల్లోని ఖొండలైట్, చార్నొకైట్ రాళ్ళు సుమారు 100 కోట్ల ఏళ్ళ క్రితం ఒక మహాపర్వతశ్రేణి అడుగున, చాలా లోతున, విపరీతమైన వేడిలో రూపుమారినవి. ఆ శ్రేణి ఎప్పుడో పోయింది, మనం చూస్తున్నవి దాని వేళ్ళు. ఇలాంటి రాళ్ళే తూర్పు అంటార్కిటికాలో ఉన్నాయి, అప్పట్లో రెండూ ఒకే భూభాగం. ఖొండలైట్ అన్న పేరు మన కోందు గిరిజనుల పేరు మీద పెట్టినదే.

నేను పిల్లలను భీమిలి తీరానికి తీసుకువెళ్ళి గుప్పెడు ఇసుకను తెల్లకాగితం మీద పోయిస్తాను. భూతద్దంలో చూస్తే తెల్లని పలుగుతో పాటు దానిమ్మగింజ రంగులో చిన్న రేణువులు కనిపిస్తాయి. అవి గార్నెట్లు. కాగితం కింద అయస్కాంతం జరిపితే నల్లటి రేణువులు కొన్ని వెంట కదులుతాయి. గార్నెట్ ఈ కొండల రాతిలో లోతున పుట్టింది, కొండ అరిగితే వాగుల్లో కొట్టుకొచ్చి ఇక్కడ పడింది. కొండకూ ఇసుకకూ చుట్టరికం ఆ కాగితం మీదనే తెలుస్తుంది.

గుట్టకింది బడి (తరువాతి శనివారం, రాత్రి 9:10)

నాలుగు పీరియడ్లూ అయ్యాయి. ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మొదటి రోజు పుస్తకం తెరవకుండా గుట్ట దగ్గరికి వెళ్ళాం. ఒక్కొక్కరికీ ఒక రాతి ముక్క ఇచ్చి, కనిపించినది రాయమన్నాను. పలుకుల పరిమాణం స్కేలుతో కొలిచారు. ఉల్లిపొరల దగ్గర నేను చెప్పవలసింది నాకంటే బాగా ఒక అబ్బాయి చెప్పాడు. వాళ్ళ తాత రాళ్ళు కొట్టే పని చేస్తాడు. రాతి మీద మంట పెట్టి పొర ఎలా లేపుతారో, వాటం చూసి వరుసగా గుంతలు పెట్టి ఇనుప చీలలు కొడితే బండ ఎలా గీత గీసినట్టు విడుతుందో ఆ పిల్లవాడు వివరించాడు. సాంఘికశాస్త్రం గంటలో అతను అంతసేపు మాట్లాడటం నేను మొదటిసారి చూశాను. తారు ముద్దను ముందే కిటికీ గట్టు మీద పెట్టాను, రోజూ దాని అంచున సుద్దముక్కతో గీత గీస్తున్నారు.

రెండో రోజు బకెట్, మూడో రోజు గుడ్డలు. లోలకం మేడమ్ చెప్పిన క్రమం పాటించడం మేలైంది, రాయి తడిగా ఉండేదా అని ఎవరూ అడగలేదు. 250 కిలోమీటర్ల లెక్క దగ్గర మాత్రం గది రెండుగా చీలింది. సగం మంది లెక్క తప్పన్నారు, సగం మంది వాన తినేసిందన్నారు. బంగాళాఖాతం సంగతి చెప్పే వరకు వాదన ఆగలేదు.

నాలుగో రోజు పొరపాటు చేశాను. కాలాన్ని చూపడానికి నల్లబల్ల మీద గీత గీసి, భూమి వయసంతా ఆ మూడు మీటర్లలో ఇమిడ్చాను. లెక్క కుదరక గందరగోళమైంది. మరుసటి రోజు భోజన విరామంలో సరిచేసుకున్నాను: ఒక సెంటీమీటరుకు ఒక కోటి ఏళ్ళ చొప్పున 4 మీటర్ల 60 సెంటీమీటర్ల తాడు తీసుకుని వరండాలో కట్టాం. ఇవాళ్టి చివర నుంచి హిమాలయాల ఢీ 5 సెంటీమీటర్ల దగ్గర, దక్కను లావా 6.6 దగ్గర, తూర్పు కనుమల వేళ్ళు 100 దగ్గర, మన గుట్ట 250 దగ్గర వచ్చాయి. మన మానవజాతికి ముడి వేయబోతే అది తాడు మందంలోనే కలిసిపోయింది.

ప్రశ్న అడిగిన అమ్మాయి ఆ తాడు దగ్గర నిలబడి ఇంకో ప్రశ్న అడిగింది: "టీచర్, ఇది ఇంకా అరుగుతోంది కదా, ఎన్నాళ్ళు ఉంటుంది?" రాళ్ళ బాట గారూ, ఈసారి రేపు చెబుతాననలేదు, పెద్దవారిని అడిగి చెబుతానన్నాను.

రాళ్ళ బాట (శనివారం, రాత్రి 10:30)

బోడిగా ఉన్న గ్రానైట్ బండ, మీలాంటి వాన తక్కువ ప్రాంతంలో, పది లక్షల ఏళ్ళకు కొన్ని మీటర్ల స్థాయిలోనే అరుగుతుంది. మీ గుట్ట వంద మీటర్ల ఎత్తు అనుకుంటే కోట్ల ఏళ్ళ లెక్క వస్తుంది, అంటే మీ తాడు మీద ఇవాళ్టి చివర దాటి ఇంకా కొన్ని సెంటీమీటర్లు. ఇది వానా ఎండల లెక్క మాత్రమేనని ఆ అమ్మాయికి తప్పక చెప్పండి. అదే గుట్టకు క్వారీ అనుమతి వస్తే ఎన్నేళ్ళు పడుతుందో ఆ తాతగారిని అడిగితే సరిగ్గా చెప్పగలడు.

ఖమ్మం ప్రధానోపాధ్యాయుడు (ఆదివారం, ఉదయం 8:00)

టీచరు గారూ, అంతా చదివాను. మా బడి వెనుక కూడా ఒక గుట్ట ఉంది, దాని పేరు తప్ప ఏమీ తెలియకుండానే ఇరవై ఏళ్ళుగా దాని నీడలో ప్రార్థన చేయిస్తున్నాను. ఈ వారం మా తొమ్మిదో తరగతికి రెండు పీరియడ్లు ఇస్తున్నాను. తాడు కట్టడం, గుడ్డల ప్రయోగం ఈ రెండింటికీ ఏమేమి సిద్ధం చేసుకోవాలో వివరంగా చెప్పగలరా?

గుట్టకింది బడి (ఆదివారం, ఉదయం 8:45)

తప్పకుండా సార్. తాడు కాస్త సన్నది తీసుకోండి, లేకపోతే చివరి ముడులు ఒకదాని మీద ఒకటి పడతాయి. 4 మీటర్ల 60 సెంటీమీటర్లకు రెండు వైపులా కట్టడానికి అర మీటరు చొప్పున అదనంగా ఉంచండి. గుడ్డలు పాత నూలువే కావాలి, పాలిస్టర్ జారిపోయి ముడుత నిలవదు. తారు ముద్ద మాత్రం ఇవాళే గట్టు మీద పెట్టించండి, దానికి సమయం పడుతుంది.